ప్రసంగ పీఠము నుండి ఆటస్థలమునకు
(పాస్టరేటు యౌవనుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవత్సర కూటములలో మాకు ముందు మాట్లాడినవారు తొలి మిషనరీల గురించి, ఆలయములు కట్టించిన దొరల గురించి, ఆసుపత్రులు నడిపిన దొరసానుల గురించి చక్కగా చెప్పారు. మా వంతు వచ్చేసరికి మేము ఒక ఫుట్‌బాల్ కోచి పేరు కాగితము మీద రాసి ఇచ్చాము. కార్యదర్శి గారు దానిని రెండుసార్లు చదివి, "పొరపాటున వేరే కాగితము ఇచ్చారేమోనండీ" అన్నారు. పొరపాటు కాదని చెప్పాము. ఎందుకు కాదో చెప్పాలంటే మా తప్పొకటి ముందుగా ఒప్పుకోవాలి.

సుమారు ఇరవై ఐదు సంవత్సరముల క్రితము మన పాస్టరేటులో ఒక తల్లి ఉండేది. వరుసకు మాకు అక్క. పిల్లలు లేక చాలాకాలము ఏడ్చి, హన్నావలె మ్రొక్కుకొని కన్న కొడుకు ఆమెకు ఒక్కడే. వాడిని దేవుని సేవకు ఇస్తానని అందరి ఎదుట మ్రొక్కింది. కుర్రవాడు మంచివాడు, సండేస్కూలు మానినవాడు కాడు. అయితే నలుగురి ఎదుట నిలబెడితే నోట మాట వచ్చేది కాదు. క్రిస్మసు నాటకములో గొర్రెల కాపరి వేషము వేస్తే ఉన్న రెండు మాటలూ మరచిపోయి చెమటలు కక్కాడు. అదే కుర్రవాడు సాయంత్రము స్కూలు కాంపౌండులో వాలీబాల్ నెట్టు కడితే చిన్నపిల్లలందరినీ పోగుచేసి, ఓపికగా, ఎవరినీ తిట్టకుండా నేర్పేవాడు. డిగ్రీ అయిన తరువాత పాస్టరేటు కమిటీ ఎదుటికి వచ్చి, తలవంచుకొని, "బాబాయిగారూ, నేను వేదాంత కళాశాలకు పోలేను. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వారి వ్యాయామ కళాశాలకు పోతాను. సిఫారసు ఉత్తరము ఇప్పించండి" అని అడిగాడు.

మేము ఇవ్వలేదు. దేవునికిచ్చిన మాట తప్పించి కుర్రవాడిని ఈలలు ఊదే పనికి పంపుతామా అన్నాము. ఆ తీర్మానము కింద మా సంతకము కూడా ఉంది. తల్లి ఆ రోజు ఆలయము మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కుర్రవాడు ఉత్తరము లేకుండానే వెళ్లిపోయాడు. ఆ తరువాత తల్లీ కొడుకూ మాట్లాడుకున్నారు గానీ, ఆ మాటల మధ్య ఒక ముల్లు ఉండిపోయింది. అటువంటి సంగతే అంతకు నూరేండ్ల ముందు అమెరికాలో జరిగినదని ఆనాడు మాకు తెలియదు.

ఆయన పేరు అమోస్ అలాంజో స్టాగ్. 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రములో వెస్ట్ ఆరెంజ్ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టి, కూలి పని చేసి ఎనిమిది మంది పిల్లలను పెంచినవాడు. వారిలో ఇతడు అయిదవవాడు. ఈ వాక్యము చదివినప్పుడు మేము పుస్తకము పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాము. మన సంఘములలో ఎందరి తాతముత్తాతల పని అది! స్టాగ్ చాలీచాలని తిండితో ఎక్సెటర్ పాఠశాలలో చదివి, అక్కడి నుండి యేల్ విశ్వవిద్యాలయమునకు చేరాడు. కోరిక ఒక్కటే, పాదిరి కావాలని.

యేల్‌లో ఇతడు బేస్‌బాల్ ఆటలో బంతి విసరడములో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. డబ్బు కోసము ఆడే న్యూయార్కు జట్టువారు వేల డాలర్లు ఇస్తామని పిలిచారు. చెప్పులు కుట్టే వాని కొడుక్కి అది ఎంత సొమ్మో ఆలోచించండి. వెళ్లలేదు. ఆ జట్ల చుట్టూ ఉన్న సారాయి వాతావరణము తనకు పనికిరాదన్నాడు. ఫుట్‌బాల్‌లో కూడా 1888 నాటి యేల్ జట్టులో ఉన్నాడు. ఆ సంవత్సరము ఆ జట్టు వందల కొద్దీ పాయింట్లు చేసి, ఎదుటివారికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 1889లో దేశము మొత్తము మీద ఎంచిన తొలి ఉత్తమ జట్టులో ఇతని పేరు ఉంది.

ఇక్కడ ఒక మాట. అమెరికా వారు ఫుట్‌బాల్ అనేది మన కుర్రవాళ్లు కాలితో తన్నే ఆట కాదు. గుడ్డు ఆకారములో ఉండే తోలు బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తుతారు, ఎదుటివారు మీదపడి కింద పడవేస్తారు. జట్టుకు పదకొండు మంది. చూడటానికి కొంత కబడ్డీ, కొంత కుస్తీ అనిపిస్తుంది.

పట్టా పొందిన తరువాత స్టాగ్ యేల్‌లోనే వేదాంత విద్యలో చేరాడు. చేరిన తరువాత తెలిసింది, మాట్లాడటము తనకు చేతకాదని. సభలో నిలబడితే మాట తడబడుతుంది, చెప్పదలచినది గొంతు దాటదు. తన్ను తాను చూసుకొని, ప్రసంగ పీఠము తనది కాదని తేల్చుకున్నాడు. అది తేలికగా తీసుకున్న నిర్ణయము కాదు, ఏండ్ల తరబడి పెంచుకున్న ఆశ అది. సేవ మాత్రము విడువలేదు. కుర్రవాళ్లను తీర్చిదిద్దడమే తన పరిచర్య అనుకొని, 1890లో మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలకు వెళ్లాడు.

అక్కడ అతనితో ఉన్నవారిలో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా దేశస్థుడు ఒకరు. ఇతను కూడా వేదాంతము చదివి ఆటల పరిచర్యకు వచ్చినవాడే. స్టాగ్ తయారుచేసిన ఫుట్‌బాల్ జట్టులో నైస్మిత్ మధ్యలో నిలబడి ఆడేవాడు. 1891 డిసెంబరులో, మంచుకాలములో కుర్రవాళ్లు లోపల ఆడుకోవడానికి ఏదైనా ఆట కావాలంటే ఈ నైస్మిత్ గారే రెండు పండ్ల బుట్టలు ఎత్తున కొట్టించి బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. 1892 మార్చి 11న ఆ ఆటను తొలిసారి ప్రజల ఎదుట ఆడారు, ఉపాధ్యాయులు ఒక పక్క, విద్యార్థులు ఒక పక్క. విద్యార్థులు 5-1తో గెలిచారు. ఉపాధ్యాయుల పక్షాన ఆ ఒక్కటీ వేసినవాడు మన స్టాగ్.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు మనవారు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చదివిన హారీ క్రో బక్ గారే మద్రాసుకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ పాఠశాలను స్థాపించి, 1943లో చనిపోయేవరకు దానికే జీవితము ధారపోశారు. మన దేశములో ఈ విద్యకు అదే తొలి కళాశాల. మన జిల్లాలలోని మిషను హైస్కూళ్లలో ఖాకీ నిక్కరు, మెడలో ఈల, చేతిలో బెత్తము పట్టుకొని తిరిగిన డ్రిల్లు మాస్టార్లలో ఎందరో ఆ కళాశాలలో చదివి వచ్చినవారే. మేము నిరాకరించిన ఉత్తరము ఆ కళాశాలకే. ఎక్కడికి పంపమన్నాడో కూడా విచారించకుండా సంతకము పెట్టాము.

సరే, స్టాగ్ సంగతికి వద్దాము. యేల్‌లో అతనికి పాఠము చెప్పిన హీబ్రూ పండితుడు విలియం రెయినీ హార్పర్ కొత్తగా పెట్టిన చికాగో విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైనాడు. పరిశుద్ధ గ్రంథపు భాషలు బోధించే ఆ పండితుడు తన విశ్వవిద్యాలయమునకు మొదటగా కావలసినవారిలో ఈ శిష్యుని పేరు రాసుకున్నాడు. జీతము ఇంత అన్నాడు. స్టాగ్ ఆలోచనలో పడి మాట్లాడలేదు. బేరము చేస్తున్నాడనుకొని హార్పర్ ఇంకొంత పెంచాడు. అప్పటికీ మాట లేదు. చివరకు సంవత్సరమునకు 2500 డాలర్లు, దానితో పాటు ప్రొఫెసర్ల వరుసలో శాశ్వత స్థానము ఇస్తానన్నాడు. మాట రానితనము అప్పుడప్పుడు ఇలా కూడా ఉపకరిస్తుంది కాబోలు! నవ్వులాటకు అన్నాము గానీ, ఆ శాశ్వత స్థానము చిన్న విషయము కాదు. ఆటలు నేర్పేవాడు గ్రీకు, హీబ్రూ నేర్పేవారితో సమానముగా కూర్చోవడము అక్కడ మొదలైంది.

1892లో చికాగో చేరేసరికి జట్టుకు చాలినంత మంది లేరు. మొదటి సంవత్సరము కోచి తానే జట్టులో దిగి ఆడాడు. ఆటస్థలమునకు మార్షల్ ఫీల్డ్ అనే వర్తకుడు నేల వాడుకోనిస్తే, దాని చుట్టూ చెక్క కంచె వేసుకున్నది స్టాగ్, అతని విద్యార్థులే. ఆ నేల మీద 1932 వరకు, అనగా నలభై ఒక్క సీజన్లు, ఆయన కోచిగా నిలబడ్డాడు. 1894లో స్టెల్లా రాబర్ట్‌సన్ అనే విద్యార్థినిని వివాహము చేసుకున్నాడు. ఆ తల్లి ఊరికే ఇంట కూర్చున్నది కాదు. పోటీలకు వెళ్లి, ఎదుటి జట్టు ఆటను కాగితము మీద గీసి లెక్కలు కట్టి భర్తకు ఇచ్చేది. ఆయన చేసిన పనిలో సగము ఆమెదే అనవచ్చును.

ఆయన క్రమశిక్షణ కఠినము. జట్టులో పొగ, మద్యము, బూతు కూడదు. కోపము వచ్చినప్పుడు ఆయన నోట వచ్చే గట్టి తిట్టు "గాడిదా" అని మాత్రమే. మరీ కోపము వస్తే "రెండు గాడిదల పెట్టు" అనేవాడట. అడ్డగించి పడవేయడము నేర్పడానికి యేల్‌లో ఉండగానే ఒక పరుపును చుట్టి, కట్టి వేలాడదీశాడు. ఇప్పటికీ ఆ సాధనము ఏదో రూపములో ప్రతి జట్టు దగ్గరా ఉంది. అనేక ఎత్తుగడలు ఆయన కనిపెట్టినవే అని చెబుతారు. కొన్నింటిని అదే కాలములో ఇతరులు కూడా కనిపెట్టారు గనుక అన్నీ ఆయన ఖాతాలో వేయడము మాకు ఇష్టము లేదు.

1905 సంవత్సరము ఆయన జీవితములో ఒక శిఖరము. మిచిగాన్ జట్టు 1901 నుండి 56 ఆటలలో ఓటమి ఎరుగదు. ఆ జట్టును స్టాగ్ కుర్రవాళ్లు 2-0తో ఓడించారు. మిచిగాన్ కుర్రవాడొకడు, డెన్నీ క్లార్క్ అనేవాడు, బంతిని పట్టుకొని తన గీత వెనుకనే పడిపోయినందున ఆ రెండు పాయింట్లు వచ్చాయి. చికాగోలో పండుగ జరిగింది. ఆ కుర్రవాడిని మాత్రము లోకము నిందించింది. 1932లో అతడు తన ప్రాణము తానే తీసుకున్నాడు, ఆ ఆట అతని మనస్సు విడువలేదని పత్రికలు రాశాయి. మేము ఈ సంగతి ఇక్కడ చెప్పక మానవచ్చును. అయితే ఈ కూటములో కోచిలు, తల్లిదండ్రులు కూడా ఉన్నారు గనుక చెప్పాము.

అదే సంవత్సరము ఫుట్‌బాల్‌లో దెబ్బలు తగిలి దేశమంతటా పదిమందికి పైగా కుర్రవాళ్లు మరణించారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ గారే కళాశాలల వారిని పిలిపించి మందలించారు. ఈ ఆటను నిషేధించాలని చాలామంది అన్నారు. స్టాగ్ నియమములు సవరించే సంఘములో కూర్చుని మార్పులకు పనిచేశాడు. బంతిని ముందుకు విసరవచ్చునని 1906లో నియమము వచ్చింది. దానితో ఒకరి మీద ఒకరు గుంపుగా పడే ఆట కొంత విడిపోయింది.

ఆయనను దేవదూతగా చూపించడము మా ఉద్దేశము కాదు. చికాగోలో ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారమైంది, టికెట్ల సొమ్ము ధారగా వచ్చింది, ఆ సొమ్ము మీద అదుపంతా స్టాగ్ చేతిలోనే ఉండేది. ఆయన జట్టులో అందరికన్న పేరుగాంచిన వాల్టర్ ఎకర్సాల్ పట్టా లేకుండానే బయటకు వెళ్లాడు. కుర్రవాళ్లను మనుష్యులుగా చేయడానికి వచ్చినవారి ఎదుటనే ఆట చదువును మింగింది. చరిత్రకారులు ఈ విషయములో ఆయనను నిలదీశారు, నిలదీయడము న్యాయమే. ఒక మంచి మాటను కూడా దాచము. 1922లో ప్రిన్స్‌టన్ జట్టుతో ఆట. చికాగో 21-18తో వెనుకబడి, చివరి నిమిషములలో గీతకు అతి సమీపమునకు వచ్చింది. కొత్త ఆటగాడిని లోపలికి పంపి, అతని నోట ఎత్తుగడ చెప్పించి ఉంటే గెలిచేవారేమో. అలా బయట నుండి ఆడించడము నియమముల సంఘము మెచ్చుకోదు, తానే ఆ సంఘ సభ్యుడు. పంపలేదు. ఓడిపోయాడు.

1924 తరువాత చికాగో జట్టు పైకి రాలేదు. విశ్వవిద్యాలయము పాండిత్యము వైపు తిరిగింది. 1929లో ముప్పై ఏండ్ల రాబర్ట్ హచిన్స్ అధ్యక్షుడుగా వచ్చాడు, ఆటల మీద ఆయనకు అంత మోజు లేదు. స్టాగ్‌కు డెబ్బై నిండాయి, నియమము ప్రకారము దిగిపొమ్మన్నారు. గౌరవముగా వేరొక ఉద్యోగము ఇస్తామన్నారు కూడా. కుర్రవాళ్లు లేని ఉద్యోగము నాకెందుకని ఆయన ఒప్పుకోలేదు.

ఇక్కడ మన పెద్దలెవరైనా అయితే వాలుకుర్చీ కొనుక్కుంటారు. ఆయన 1933లో భార్యతో కాలిఫోర్నియాకు వెళ్లి, స్టాక్‌టన్ ఊరిలో మెథడిస్టులు స్థాపించిన కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో కోచిగా చేరాడు. చిన్న కళాశాల, తక్కువ సొమ్ము. 1938లో ఆ చిన్న జట్టును వెంటబెట్టుకొని చికాగోకు వచ్చి, తన పేరు పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లోనే, చికాగోను 32-0తో ఓడించాడు. ఆ రాత్రి ఆ వృద్ధుని మనస్సు ఎలా ఉండి ఉంటుందో! మరుసటి సంవత్సరమే చికాగోవారు ఫుట్‌బాల్ జట్టును రద్దుచేసుకున్నారు, తిరిగి పెట్టినది 1969లో. ఖాళీగా పడి ఉన్న ఆ స్టాగ్ ఫీల్డ్ మెట్ల కిందనే 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి, తోటి శాస్త్రజ్ఞులు లోకములోనే మొదటి అణు గొలుసు చర్యను సాగించారు. విద్యార్థులతో కలిసి కంచె వేసుకున్న ఆటస్థలము అలా చరిత్రకెక్కింది.

1943లో, యుద్ధకాలములో, ఎనభై ఒక్క ఏండ్ల వయస్సున తోటి కోచిలందరూ ఆయనను ఆ సంవత్సరపు ఉత్తమ కోచిగా ఎన్నుకున్నారు. 1946 తరువాత పసిఫిక్ వారు కూడా చాలన్నారు. అప్పుడు పెన్సిల్వేనియాలో సస్కెహానా విశ్వవిద్యాలయమున కోచిగా ఉన్న పెద్ద కొడుకు దగ్గరకు వెళ్లి అతనికి తోడుగా పనిచేశాడు. తండ్రి పేరే కొడుకు పేరు. భార్య ఆరోగ్యము చెడగా స్టాక్‌టన్‌కు తిరిగి వచ్చి, అక్కడి కళాశాల కుర్రవాళ్లకు బంతి తన్నడము నేర్పాడు. 1960లో, తొంభై ఎనిమిది ఏండ్లు వచ్చిన తరువాత, ఇక మానడానికి ఇది తగిన సమయమనిపిస్తున్నదని చెప్పి మానాడు. 1964లో స్టెల్లా గారు, 1965 మార్చి 17న ఆయన, నూట రెండు ఏండ్లకు, కన్నుమూశారు. కోచిగా ఆయన గెలిచిన ఆటలు 314 అని లెక్క. ఆ లెక్కను 1981లో గాని ఇంకొకరు దాటలేదు.

మన హైదరాబాదులో కూడా ఒక బడిపంతులు ఉండేవారు, సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన తీర్చిన భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు, 1962లో జకార్తా ఏషియన్ ఆటలలో స్వర్ణమునకు చేరింది. మరుసటి ఏడే ఆయన చనిపోయారు. ఆయన మీద మరొకసారి, వేరొకరు, పూర్తిగా మాట్లాడాలి.

ఇప్పుడు మా అక్క సంగతి. కుర్రవాడు చదువు ముగించి, ఒక ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడైనాడు. ఇన్నేండ్లూ ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నాడు. బడి మానబోయిన పిల్లల ఇండ్లకు వెళ్లి తల్లిదండ్రులను బతిమాలి తీసుకొస్తాడని అక్కడివారు మాకు చెప్పారు. నలుగురి ఎదుట నోరు మెదపలేనివాడు ఆ ఇండ్ల అరుగుల మీద ఎలా మాట్లాడుతున్నాడో మరి. పోయిన వర్షాకాలములో అక్కకు జబ్బు చేస్తే చూడబోయాము. "తమ్ముడూ, నేను మ్రొక్కుబడి తప్పానంటావా?" అని అడిగింది. ఇరవై ఐదు ఏండ్లుగా అడగాలనుకుంటున్న ప్రశ్న అని తెలుస్తూనే ఉంది. మా సంతకము మాకు గుర్తుకొచ్చి నోట మాట రాలేదు. ఏమి చెప్పాలో తెలియక, అప్పటికి చదివి ఉన్న ఈ స్టాగ్ గారి కథ మొదలుపెట్టాము. చెప్పులు కుట్టే తండ్రి దగ్గర నుండి చికాగో దాకా చెప్పాము. కళ్లు మూసుకొని వింది. నిద్రపోయిందనుకున్నాము.

"కంచె ఆయనే వేసుకున్నాడా?" అంది.

"అవును అక్కా, పిల్లలతో కలిసి."

"మన బడి కాంపౌండుకు కంచె పోయి ఎన్నేండ్లయింది?"

మేము లెక్క చెప్పలేకపోయాము. తలగడ కింద నుండి పాత చేతిరుమాలు తీసి, ముడి విప్పి, పింఛను సొమ్ములో దాచుకున్న మూడు వేల రూపాయలు మా చేతిలో పెట్టింది. వాడికి చెప్పవద్దంది. మేము చెప్పాము. కొడుకు వచ్చి రెండు రోజులు తల్లి మంచము పక్కనే ఉన్నాడు. వారేమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు. మూడవ రోజున పారలు, గడ్డపారలు అడిగి తీసుకొని కాంపౌండుకు వెళ్లాడు, వెనుక మన యౌవనులు పదిమంది.

స్తంభములు పాతడము అయింది. తీగ సగము వరకు వచ్చింది. పాస్టరేటు కమిటీ పాత తీర్మానమును రద్దు చేస్తూ, దాని కింద సంతకములు పెట్టినవారిలో బ్రతికి ఉన్న ముగ్గురమూ కిందటి ఆదివారము మళ్లీ సంతకము పెట్టాము. మిగిలిన తీగకు ఇంకా నాలుగు వేలు కావాలని కోశాధికారి గారు అంటున్నారు. కూటము ముగిసిన తరువాత ఆయన రసీదు పుస్తకముతో తలుపు దగ్గరనే ఉంటారు.